చీలమండ పట్టు తప్పేవారి నిలకడను ఫోన్‌తో కొలిచేటప్పుడు ఎదురయ్యే చిక్కులు

కోనసీమలోనూ భీమవరం పరిసరాల్లోనూ వరిచేల గట్ల మీద, రొయ్యల చెరువుల కట్టల మీద తిరిగేవారిలో ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ మెలిక పడటం మేము తరచూ చూస్తుంటాం. చీలమండ బయటివైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు సాగిపోవడంతో పాటు, పాదం ఎటు వాలి ఉందో మెదడుకు తెలియజేసే సంకేతాలు మందగించడం కూడా ఇందుకు కారణం. ఇటువంటివారి నిలకడను ఫోన్‌లో కదలికను పట్టే యాక్సిలరోమీటరు, తిరుగుడును పట్టే జైరోస్కోపు అనే సెన్సార్ల సాయంతో కొలిచే యాప్‌లు ఉన్నాయి. అయితే వచ్చిన అంకె వింతగా కనబడినప్పుడు చీలమండను అనుమానించే ముందు కొలిచిన తీరును అనుమానించడం మంచిది.

సమస్య: ఒకే మనిషికి ఒకే పూట అంకె ప్రతిసారీ మారుతోంది.

ఎక్కువసార్లు కారణం ఫోన్ పెట్టిన చోటే. చేతిలో పట్టుకుంటే చేతి వణుకు, జేబులో వేస్తే జేబు ఊగిసలాట కూడా ఒంటి ఊపుగా నమోదవుతాయి. లుంగీ మడతలో దోపిన ఫోన్ బిగుతుగానే ఉన్నట్టు అనిపిస్తుంది గాని ఊపిరితో పాటు అదీ కదులుతుంది. వెడల్పాటి బెల్టుతో నడుము కింది భాగాన, వెన్నెముక మీద, తెర ప్రతిసారీ ఒకే వైపు ఉండేలా బిగించాలి. ఫోన్‌ను సైలెంట్‌లో పెడితే చాలదు, వైబ్రేషన్ కూడా ఆపాలి. బ్యాటరీ సేవర్‌నూ తీసెయ్యాలి. మొదటి ప్రయత్నం కన్నా తరువాతివి సహజంగానే మెరుగ్గా ఉంటాయి కనుక, ఒకటి రెండు సార్లు అలవాటు చేయించి, ఆ తరువాతి మూడింటి సగటును రాసుకోవాలి.

సమస్య: కాలు మెలిక పడుతూనే ఉంది, యాప్ మాత్రం నిలకడ బాగుందంటోంది.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. నడుముకు కట్టిన ఫోన్ కొలిచేది నడుము కదలికనే తప్ప చీలమండ కదలికను కాదు. పాదం లోపలికీ బయటికీ తడబడుతున్నా, మోకాలూ తుంటీ ఆ లోటును సర్దేస్తే పైభాగం నిశ్చలంగానే ఉంటుంది, అంకె కూడా చక్కగానే వస్తుంది. పైగా రెండు కాళ్ల మీద, కళ్లు తెరిచి నిలబెట్టే పరీక్ష ఇటువంటివారికి మరీ తేలిక. అందుచేత చేతులు నడుము మీద ఉంచి, కళ్లు మూసుకుని, ఒంటికాలి మీద 20 సెకన్లు నిలబెట్టాలి. ఆ సమయంలో చేతులు విడిచినా, కళ్లు తెరిచినా, మడమ లేచినా, రెండో కాలు నేలను తాకినా ఒక్కొక్క తప్పుగా లెక్కించి, యాప్ అంకె పక్కనే రాయాలి. పాదాన్ని మరొక ఫోన్‌తో వీడియో తీస్తే ఇంకా మంచిది. మెత్తని తలం కావాలంటే ఫోమ్ దిమ్మనే వాడండి. మన దగ్గర సులువుగా దొరికే కొబ్బరి పీచు పరుపు తొక్కేకొద్దీ గుంట పడి, ఈ వారం కొలతకూ వచ్చే వారం కొలతకూ పొంతన లేకుండా చేస్తుంది.

అప్పటికీ లోపం బయటపడకపోతే ఒంటికాలి మీద నిలిచి రెండో కాలిని ముందుకూ, వెనుక ఇరుపక్కలకూ చాచిన దూరాన్ని టేపుతో కొలిచి, కాలి పొడవుతో భాగించి చూడాలి. చీలమండ అస్థిరతను అంచనా వేసే, 9 ప్రశ్నలు, 30 మార్కులు ఉండే కంబర్లాండ్ ప్రశ్నావళిలో 24 గాని అంతకు తక్కువ గాని వస్తే, యాప్ ఏమన్నా సరే, చీలమండ అస్థిరంగా ఉందనే భావించాలి.

సమస్య: రెండు ఫోన్‌లలో రెండు అంకెలు వస్తున్నాయి.

సెన్సార్లు వేరు, లెక్కగట్టే సూత్రాలు వేరు, కొన్నిసార్లు ప్రమాణాలూ వేరు. చదునైన గచ్చు మీద ఫోన్‌ను కదలకుండా పడుకోబెడితే యాక్సిలరోమీటరు నిలువు అక్షం మీద సుమారు 9.8 మీ/సె², మిగతా రెండింటి మీద సున్నాకు దగ్గరగా చూపాలి. అలా చూపకపోతే సెన్సారును సరిచేయాలి. ఒకరికి మొదలుపెట్టిన ఫోన్‌నూ యాప్‌నూ మధ్యలో మార్చకూడదు.

సమస్య: పరీక్ష మధ్యలో నొప్పి పెరుగుతోంది.

వెంటనే ఆపాలి. అసలు ఏ పరీక్షనైనా గోడ పక్కన, పొడి నేల మీద, ఒక మనిషి తోడుండగానే చేయించాలి. వానాకాలంలో తడి కాళ్లతో టైల్స్ మీద నిలబెట్టకూడదు. దెబ్బ కొత్తదై, నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనుక అంచునో కొననో నొక్కితే నొప్పి పుట్టినా, ముందు ఎక్స్‌రే తీయించాలి. ఆ రోజు యాప్ తెరవవలసిన పని లేదు.