చవక వైన్‌ను ఇంట్లోనే రుచి చూసి ఎంచడం ఎలా

తక్కువ ధర వైన్‌లో గొప్పతనం వెతకడం వృథా. అది ఏ దోషమూ లేకుండా ఉందా, అందులోని పులుపు, వగరు, తీపి ఒకదానినొకటి మింగేయకుండా ఉన్నాయా అన్నవే చూడవలసిన సంగతులు. ఈ తేడాలు ఒక్క సీసాతో తెలియవు. ఒకే రకం ద్రాక్షతో చేసిన, ఇంచుమించు ఒకే ధర ఉన్న రెండు సీసాలను, ఉదాహరణకు నాసిక్ ప్రాంతపు షెనిన్ బ్లాంక్‌లు (ఆ పేరున్న ద్రాక్షతో చేసే వైట్ వైన్‌లు) రెండింటిని తెచ్చుకుని, వాటికి వార్తాపత్రిక చుట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లో మరొకరి చేత గ్లాసుల్లో పోయించుకోవాలి. లేబుల్ కనబడిందంటే నాలుక కంటే ముందు ధరే తీర్పు చెప్పేస్తుంది.

కొనేటప్పుడే లేబుల్ మీది సంవత్సరం చూసుకోవాలి. చవక వైట్ వైన్‌లు దాచుకునే సరుకు కావు కనుక, ఉన్నవాటిలో కొత్తదే మేలు. దుకాణంలో ఎండ పడే అరలో నిలబెట్టిన సీసాను, ఎంత తగ్గింపు ఇచ్చినా, వదిలేయడమే మంచిది.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశాల గదులను చూసి పుట్టింది. మన వేసవిలో 35 డిగ్రీలున్న గదిలో అదే పని చేస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు. కాబట్టి రెడ్‌ను తగినంతసేపు ఫ్రిజ్‌లో ఉంచి 16-18 డిగ్రీల దగ్గర, వైట్‌ను 8-12 డిగ్రీల దగ్గర రుచి చూడాలి. అయితే అతి చల్లదనం దోషాలను కప్పేస్తుంది. అందుకే వైట్‌లో చివరి గుక్కను కొంచెం వెచ్చబడనిచ్చి మళ్లీ చూడాలి.

అంచు లోపలికి వంగిన గ్లాసులో 50 మిల్లీలీటర్లకు మించకుండా పోసి, తెల్ల కాగితం మీదికి వంచి రంగు చూడాలి. కొత్త వైట్ వైన్ గోధుమరంగుకు తిరిగిందంటే దానికి గాలి సోకిందని అనుమానించాలి. తరువాత గ్లాసును తిప్పి వాసన చూడాలి. సగం తీర్పు ఇక్కడే తేలుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడిందని, వెనిగర్ లేదా గోళ్ల రంగు వాసన వస్తే వైన్ పులిసిపోతోందని గ్రహించాలి. కాల్చిన అగ్గిపుల్ల వాసన మాత్రం సల్ఫర్‌ది కావచ్చు. కాసేపు గ్లాసు తిప్పితే అది తరచు పోతుంది కనుక తొందరపడి పారబోయకూడదు. దగ్గరలో అగరుబత్తి వెలుగుతుంటే ఈ శ్రమంతా దండగే.

ఆవకాయ తిన్న నోటితో రుచి చూడకూడదు. చిన్న గుక్కను నోరంతా తిప్పినప్పుడు లాలాజలం ఊరితే పులుపు బాగున్నట్టు, చిగుళ్లు ఆరిపోయినట్టయితే వగరు ఎక్కువైనట్టు, గొంతు మండితే ఆల్కహాల్ ఇమడనట్టు. పోర్ట్ పేరుతో అమ్మే తీపి రెడ్ వైన్‌లను ఈ వరుసలో కలపకూడదు. వాటి తరువాత ఏ డ్రై (తీపి లేని) వైన్ అయినా పుల్లగానో చేదుగానో తోస్తుంది.

కాగితం విప్పకముందే అభిప్రాయం రాసి పెట్టుకోవాలి. మిగిలినదానికి మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచి మరునాడు మళ్లీ చూడాలి. రెండింటిలో ఏది ఆ రాత్రి తట్టుకుని నిలిచిందో, మరోసారి కొనవలసింది దాన్నే.