సముద్రం పక్క ఎండ వేరు: కోస్తా వెంట సైకిల్ తొక్కబోయే సీమవాళ్లకు జాగ్రత్తలు

గత వారం ప్రొద్దుటూరు నుంచి స్నేహితులతో బయలుదేరిన ఒక కుర్రాడు చీరాల దాటాక సైకిల్ మీది నుంచి పడిపోయాడు. లారీ గుద్దలేదు, టైరు పేలలేదు. మిట్టమధ్యాహ్నం మాట తడబడింది, పక్కవాళ్లను గుర్తుపట్టలేదు, పడ్డాడు. ఆ పూట అక్కడ 36 డిగ్రీలు, మన దగ్గర 41. "ఇంటి దగ్గర కంటే తక్కువే కదా అని తొక్కినాం" అన్నారు తోటివాళ్లు. ఐసీయూలో పెట్టి బతికించారు.

సెలవులు వస్తున్నాయి. మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, ఒంగోలు దగ్గర 216 జాతీయ రహదారి ఎక్కి చీరాల, బాపట్ల, మచిలీపట్నం, కాకినాడ దాకా బంగాళాఖాతం వెంట పోవాలని మన జిల్లాలో చాలామంది సిద్ధమవుతున్నారు. హెల్మెట్, లైట్లు, పంచర్ కిట్ సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. "మాది కడపబ్బా, ఎండ మాకొక లెక్కా?" అనుకుని వెలిగొండలు దాటడం. బాగా తొక్కేవాళ్లు పడిపోయింది దీనివల్లే.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. మేలో మన మిద్దె మీద వేసిన పంచె చూస్తుండగానే ఎండిపోతుంది. బాపట్ల దగ్గరి సూర్యలంక ఒడ్డున అదే పంచె ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఒంటి మీది చెమట సంగతీ అంతే. అక్కడ అది కారిపోతుంది తప్ప ఆరదు. అందుకే 20 శాతం తేమలో 43 డిగ్రీల కంటే 70 శాతం తేమలో 36 డిగ్రీలు తొక్కేవాడికి ఎక్కువ ప్రమాదం. ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయలుదేరకండి, తేమ శాతం కూడా చూడండి. 2015 మే వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలకు పేరుపడ్డ సీమ జిల్లాల కంటే ప్రకాశం లాంటి కోస్తా జిల్లాల్లోనే చావులు ఎక్కువ.

గాలి ఇంకో మోసం. దక్షిణం నుంచి వీచే గాలి వెనక నుంచి తోస్తుంటే హాయిగా ఉంటుంది, వేగం పెరుగుతుంది. కానీ గాలి వేగమూ సైకిల్ వేగమూ ఒకటైతే ఒంటికి గాలే తగలదు. ఉన్న కాస్త చెమట కూడా ఆరదు. ఎదురుగాలిలో అలసిపోయి ఆగుతారు. వెనకగాలిలో ఆగాలనే తోచదు, అక్కడే దెబ్బ తింటారు.

తాగే విషయం. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, రుచి కోసం సగం నీళ్లలో కలపొద్దు. ఉప్పేసిన మజ్జిగ మంచిది. కొబ్బరి బోండాం తాగండి, కానీ అందులో సోడియం తక్కువ, దాని మీదే ఆధారపడకండి.

మళ్లీ చెప్తున్నా, మన ఎండ లెక్క అక్కడ పనికిరాదు. కొత్త తేమకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఇక్కడ రోజుకు 100 కిలోమీటర్లు తొక్కేవాళ్లు అక్కడ మొదటి మూడు రోజులు 50తో ఆపండి.

తెల్లవారుజామున ఐదుకు ముందే ఎక్కండి, తొమ్మిదిన్నరకు దిగండి.

చినగంజాం ఉప్పు కయ్యల దగ్గర నీడ దొరకదు. ఎండెక్కకముందే దాటేయండి.

సరుగుడు తోటలో నీడ ఉంటుంది కానీ గాలి ఆడదు. పడుకోవడానికి రోడ్డు పక్క హోటలో, గుడి మంటపమో చూసుకోండి.

చెమటతో, అలసటతో వాడరేవులో గానీ సూర్యలంకలో గానీ సముద్రంలోకి దిగొద్దు. ఈతొచ్చినా దిగొద్దు.

రొయ్యల, చేపల లారీల వెనక పోవద్దు. కారిన నీళ్లకు రోడ్డు జారుతుంది.

రోజూ రాత్రి చైను మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయండి.

తుఫాను హెచ్చరిక వస్తే ఆ రోజే యాత్ర ఆపి బస్సెక్కండి. ఉప్పాడ బీచ్ రోడ్డును అలలు ఎన్నిసార్లు కోసేశాయో అక్కడివాళ్లను అడగండి.

ఒంటరిగా పోవద్దు. పక్కవాణ్ణి గంటకోసారి మాట్లాడించండి. విసుక్కుంటున్నా, చలి అంటున్నా, పిక్కలు పట్టేశాయంటున్నా దింపేయండి. "ఇంకో పది కిలోమీటర్లే" అంటే వినొద్దు. "మాది కడప" అంటే అసలే వినొద్దు.

మాట తడబడితే అది వడదెబ్బే. 108కి ఫోన్ చేయండి. బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, ముందు చల్లబరచండి. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, బోరు నీళ్లో, ఐసు నీళ్లో తల నుంచి కాళ్ల దాకా పోయండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు. తేమగాలిలో విసిరితే పెద్దగా చల్లబడదు, అంబులెన్స్ వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండండి.