సాఫ్ట్‌వేర్ స్టాకు ఎంత దింపాలి? చిన్న కంప్యూటర్ షాపోళ్ళకి నాకు తెలిసిన లెక్క

పాలకొల్లులో కొత్తగా షాపు పెట్టిన మా తమ్ముడి వరస కుర్రోడు మొన్న ఫోన్ చేసి, అన్నయ్యా యాంటీవైరస్ బాక్సులు యాభై తీసుకుంటే స్కీము ఉందంటున్నాడు డిస్ట్రిబ్యూటరు, దింపేయమంటావా అన్నాడు. ఆగరా బాబూ, ముందు నీ కౌంటర్లో ఏం కదులుతోందో చూసుకో అన్నాను. వాడికి ఫోన్లో చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నానండి.

ముందు పోయినేడాది బిల్లులన్నీ తీసి విండోసూ ఎంఎస్ ఆఫీసూ ఒకచోట, యాంటీవైరస్ ఒకచోట, లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఒకచోట, మిగతావి ఒకచోట రాసుకోండి. ప్రతి బిల్లు పక్కనా రెండు ముక్కలు రాయాలి, అది కొత్తగా కొన్నదా రెన్యువలా, సిస్టంతో పాటు పోయిందా విడిగా పోయిందా. ఇది రాయకుండా మొత్తం ఎంత అమ్మామో చూసుకుంటే ఏమీ అర్థం కాదు. ఇంకోటి, మార్చిని ఫిబ్రవరితో పోల్చకండి, పోయినేడు మార్చితో పోల్చండి. ఎందుకంటే మార్చి 31 దగ్గర పడితే రైసు మిల్లులు, రొయ్యల మేత అమ్మే ఫీడు షాపులు, కొబ్బరి వ్యాపారులు అందరికీ ఒక్కసారే లెక్కలు గుర్తొస్తాయి, ట్యాలీ వాళ్ళు వరసకడతారు, మేలో ఈగలు తోలుకోవాలి. కాలేజీలు తెరిచే టైములో ల్యాప్‌టాప్‌లు పోతాయి, వాటి వెనకే యాంటీవైరస్ పోతుంది.

బాక్సుల కాలం అయిపోయిందండి. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చినప్పుడు అమెరికాలో అర్ధరాత్రి షాపుల ముందు క్యూ కట్టారు, ఇప్పుడు విండోస్ ల్యాప్‌టాప్‌లోనే వచ్చేస్తోంది. 2013లో ఫోటోషాప్ చేసే అడోబీ వాళ్ళు సీఎస్6 అనే వెర్షను తర్వాత ఇక చందా పద్ధతేనన్నారు, ఆఫీసు కూడా 2011 నుంచి చందాకి తిరిగింది, కాకపోతే ఒక్కసారి కొనుక్కునే ఆఫీసు 2024 ఇంకా ఉంది, మా దగ్గరికొచ్చే పెద్దాయన్లందరూ అదే అడుగుతారు, ఏడాదికోసారి కట్టడమేంటయ్యా, కేబుల్ బిల్లా అని.

అమ్మకం ఒక్కసారిగా లేచేది కంపెనీ యాడ్ చూసి కాదు, తారీఖు చూసి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, అప్పటిదాకా ఎర్రట్ట ఖాతా పుస్తకం వదలనివాళ్ళు కూడా ట్యాలీ అన్నారు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవరు దాటినోళ్ళకి ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయాలి అన్నారు, మళ్ళీ కదలిక. అందుకని ఊళ్ళో ఒక ఆడిటర్ గారితో పరిచయం పెట్టుకోండి, డిస్ట్రిబ్యూటరు కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. కానీ లేచిన ప్రతిదీ మన చేతికి రాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్టు ఆగింది కదా, విండోస్ 11 తెగ అమ్ముడవుద్దనుకుంటే పొరపాటే, పాత సిస్టంలు చాలావాటికి 11 పడదు, కొత్తది కొంటే అందులో విండోస్ ఉండనే ఉంటుంది.

మన ఏరియాలో ఇంకో లెక్క కూడా ఉందండోయ్. రొయ్య రేటు పడిపోతే ఫీడు షాపుకి బాకీలు రావు, ఫీడు షాపుకి రాకపోతే మన రెన్యువల్ డబ్బులూ రావు. ఆ నెలల్లో స్టాకు పెంచకండి.

నేను చేసిన తప్పు చెప్తాను. ఒకసారి స్కీముకి ఆశపడి ముప్పై యాంటీవైరస్ బాక్సులు దింపాను, అట్ట మీద ఏడాది నంబరు ఉంది, జనవరి రాగానే ఇది పాతదండి వద్దు అన్నారు, లోపలుండే కీ, అదే యాక్టివేట్ చేసే నంబరు, కొత్త వెర్షనుకి పనిచేస్తుందని నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు. అప్పట్నుంచీ నెలకి ఎన్ని పోతాయో చూసి నెలన్నరకి సరిపడా మాత్రమే తెస్తున్నా.

అసలు డబ్బు రెన్యువల్ నోటుబుక్కులో ఉంది. పేరు, ఫోను, గడువు తేదీ రాయండి, గడువు బిల్లు తేదీ నుంచి కాదు యాక్టివేట్ చేసిన రోజు నుంచి లెక్క. పదిహేను రోజుల ముందు వాట్సాప్ పెట్టండి, లేకపోతే కంపెనీ మెయిల్ చూసి ఆన్‌లైన్‌లో కట్టేసుకుంటారు. నెలాఖరుకి ఎంతమందికి గడువైంది, ఎంతమంది మన దగ్గరికొచ్చారు లెక్కేయండి. నలభైలో ఇరవైఆరు వస్తే, మిగతా పద్నాలుగు మందికీ ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడగండి, సగం మంది సిస్టమే మార్చేసి ఉంటారు.

నెట్‌లో అయిదొందలకి విండోస్ కీ చూపించి బేరమాడతారు. అవి చాలావరకు పెద్ద కంపెనీల బల్కు లైసెన్సుల్లోంచి బయటికొచ్చినవి, ఎప్పుడు చచ్చిపోతాయో తెలీదు, అలాంటివి మీ బిల్లు మీద అమ్మకండి. తెలిసి దొంగ కాపీ వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద కనీసం ఏడు రోజుల జైలు, కనీసం యాభై వేల జరిమానా ఉంది, ఆ మాట చెప్తే కొంతమంది ఒరిజినల్‌కి వస్తారు, కొంతమంది నవ్వి పోతారు.

మావాడు చివరికి ఎనిమిది బాక్సులే తీసుకున్నాడు. స్కీములో ఇచ్చే ట్రాలీ బ్యాగు పోయిందని మరదలు నా మీద ఇంకా కోపంగానే ఉందిట.