ప్రాసను మింగేసే మాటలు: కాక్నీ పలుకును విప్పడం, అల్లడం

బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో బేరమాడుతూ తెలుగులో గుసగుసలాడుకుని ప్రయోజనం లేదు. గంప వెనక కూర్చున్నామెకు మనకంటే మంచి తెలుగు వచ్చి ఉండవచ్చు. ఎదుటివారికి అంతుపట్టకుండా వారి భాషలోనే మాట్లాడే ఉపాయం లండన్ తూర్పు పేటల వీధుల్లో, కాక్నీలనే అక్కడి సామాన్య జనం నోట, పందొమ్మిదో శతాబ్దంలో పుట్టింది: అసలు మాటకు బదులు దానికి ప్రాస కుదిరే జంటమాటను వాడడం. 1859లో జాన్ కామ్‌డెన్ హాటెన్ వెలువరించిన వాడుకమాటల నిఘంటువులో ఈ ప్రాసమాటలకు విడిగా ఒక పట్టికే ఉంది.

మాట వినగానే దాని అర్థం వెతకకూడదు, దాని జంటను వెతకాలి. మెట్లకు, అంటే ‘స్టెయర్స్’కు, అంత్యప్రాస కుదిరేలా ‘యాపిల్స్ అండ్ పెయర్స్’ అన్నారు. ఇంతవరకు తేలికే. ప్రాస ఉన్న రెండో సగాన్ని మింగేసినప్పుడే చిక్కు వస్తుంది. మా లండన్ సహోద్యోగి ఒకాయన ఫోనులో నా నివేదిక గురించి ‘హ్యావ్ ఎ బుచర్స్’ అన్నప్పుడు, నాకు కసాయి కత్తి కళ్లముందు మెదిలి రెండు రోజులు నిద్ర పట్టలేదు. పూర్తి మాట ‘బుచర్స్ హుక్’, అంటే మాంసం తగిలించే కొక్కెం. ‘హుక్’కు ప్రాస ‘లుక్’. పాపం, ఆయన ఒకసారి చూడమన్నాడంతే.

ప్రాసను అక్షరాల్లో కాక వారి ఉచ్చారణలో పట్టుకోవాలి. వాగుడును ‘రాబిట్’ అంటారు. ‘రాబిట్ అండ్ పోర్క్’ ‘టాక్’తో కలిసేది లండన్ వారి నోట ‘పోర్క్’లోని రేఫ వినిపించదు కాబట్టే. అర్థానికీ మాటకూ సంబంధం ఉండి తీరాలని లేదు: ‘రూబీ మర్రీ’ 1950లలో వెలిగిన బెల్‌ఫాస్ట్ గాయని, ఆమె పేరు ‘కర్రీ’కి ప్రాసగా కుదరడమే ఆమె చేసిన నేరం. కొన్నిట్లో మాత్రం ఎత్తిపొడుపు ఉంటుంది. భార్యను, అంటే ‘వైఫ్’ను, ‘ట్రబుల్ అండ్ స్ట్రైఫ్’ అన్నారు, అంటే తంటా, తగవూ. ఈ ఉదాహరణను మా ఇంట్లో నేను ఎత్తలేదు.

ఇక సొంతంగా అల్లడం. మన పద్యంలో ప్రాస రెండో అక్షరానిది, ఇక్కడ చివరిది. అందరి నోటా నలిగిన జంటమాటను తీసుకోవాలి, అయితే మిగిలే మొదటి సగంలో ప్రాస ఉండకూడదు. అప్పుకు ‘ఉప్పూపప్పూ’ పనికిరాదు, ఎందుకంటే మిగిలిన ‘ఉప్పు’ గుట్టు బయటపెట్టేస్తుంది. కారుకు ‘పప్పుచారు’ బాగుంటుంది: ‘పప్పు సిల్క్ బోర్డు కూడలి దగ్గర ఇరుక్కుపోయింది’ అంటే ఊరివారికైనా వెంటనే తట్టదు. బేరానికి ‘ఉప్పూకారం’ ఇంకా మేలు, ఎందుకంటే ఉప్పూ కుదరాలి, బేరమూ కుదరాలి.

మొన్న ఆదివారం చిక్కుడుకాయల గంప ముందు మా ఆవిడ నా వైపు తిరిగి, ‘ఉప్పు కుదరడం లేదండీ, పదండి’ అంది. గంప వెనకామె తూకం దించకుండానే, ‘ఉప్పు ఎదురు కొట్లో దొరుకుతుందమ్మా, ముందు కాయలు తీసుకోండి’ అంది.