జిమ్‌లో చేరాలా, ఇంట్లో సినిమా చూడాలా?

సాయంత్రం పని అయ్యాక సినిమా పెట్టుకుని సోఫాలో కూర్చుంటే రెండున్నర గంటలు కదిలేవాణ్ని కాదు. లేచేసరికి నడుము పట్టేసేది. జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేద్దామనుకున్నాను. కానీ సినిమా మానుకోవడం నా వల్ల కాదు. రోజు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన సమయం అదే.

అందుకే డబ్బు కట్టే ముందు ఒక నెల నన్ను నేను పరీక్షించుకున్నాను. సినిమా మొదటి అరగంట కూర్చోకూడదు, అంతే. టీవీ ముందు ఉన్నచోటే చురుగ్గా నడక, మధ్యమధ్యలో పదిహేను స్క్వాట్లు. మొదటి వారం అడుగుల చప్పుడుకి మాటలు వినపడేవి కావు. వాల్యూమ్ పెంచితే ఇంట్లోవాళ్లకి ఇబ్బంది. కాళ్ల కింద మందపాటి యోగా మ్యాట్ వేసి, సబ్‌టైటిల్స్ పెట్టాక ఆ సమస్య తీరింది. పాటలొస్తే వేగం పెంచడం, మాటల సీన్లలో తగ్గించడం దానంతటదే అలవాటైంది.

పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. ఐదు రోజులు అరగంట చొప్పున నడక లెక్క ఇంట్లోనే సరిపోయింది. బరువులు మాత్రం కుదరలేదు. వీపు వంగిపోతుంటే పక్కనుండి చెప్పేవాళ్లు కావాలి.

చివరికి ఏడాది ప్లాన్ వదిలేసి, నెలనెలా కట్టేది తీసుకున్నాను. వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. ఆ రోజుల్లో సినిమా మొదటినుంచీ హాయిగా కూర్చునే చూస్తాను. నడుము పట్టేయడం రెండో నెలకి బాగా తగ్గింది.