రాస్ప్‌బెర్రీ పై ఇమేజ్‌ను మార్చే ముందు జాగ్రత్తలు

రాస్ప్‌బెర్రీ పై ఒక చిన్న కంప్యూటర్ బోర్డు. ఇమేజ్ అంటే దాని మెమరీ కార్డుకు రాసే, ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉన్న ఫైల్.

– డౌన్‌లోడ్ చేసిన ఇమేజ్ చెక్‌సమ్ (ఫైల్ పాడవలేదని తేల్చే కోడ్) సరిచూడండి. అసలు ఫైల్ జోలికి పోకుండా కాపీ మీదే పని చేయండి.

– కార్డు ఏ డివైస్ పేరుతో వచ్చిందో పెట్టకముందు, పెట్టాక చూసి పోల్చుకోండి. ఇమేజ్‌ను కార్డుకు రాసే ‘డీడీ’ కమాండ్ మిమ్మల్ని ఏమీ అడగదు. పేరులో ఒక్క అక్షరం తప్పితే ల్యాప్‌టాప్ డిస్క్ మీదే రాసేస్తుంది.

– బుక్‌వార్మ్ (రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వెర్షన్) నుంచి బూట్ పార్టిషన్ (సిస్టమ్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్ల భాగం) మౌంట్ అయ్యేది, అంటే కనిపించేది, బూట్ ఫోల్డర్‌లో కాదు, దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో. పాత స్క్రిప్టులు తడబడేది ఇక్కడే.

– ఇంటెల్ మెషిన్ మీద క్రూట్ చేయాలంటే (ఇమేజ్ లోపలికి వెళ్లి దాని కమాండ్లు నడపాలంటే) క్యూఈఎంయూ (పై ప్రాసెసర్ ప్రోగ్రాములను వేరే ప్రాసెసర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) ముందే పెట్టుకోండి.

– ఒకే ఇమేజ్ చాలా బోర్డులకు వెళ్తుందా? ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు బోర్డును గుర్తించే రహస్య కీలు) తీసేయండి, మెషిన్ ఐడీ ఫైల్ (ప్రతి మెషిన్‌కూ వేరుగా ఉండాల్సిన గుర్తింపు) ఖాళీ చేయండి. మొదటి బూట్‌లో కొత్త కీలు తయారయ్యే ఏర్పాటు ఉందా? అదీ చూడండి. వైఫై పాస్‌వర్డ్, షెల్ హిస్టరీ (మీరు టైప్ చేసిన కమాండ్ల జాబితా) కూడా ఉండకూడదు. అందరూ మరిచేదీ, నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదమైనదీ ఇదే.

– 2022 ఏప్రిల్ నుంచి డిఫాల్ట్ యూజర్ లేడు. మీరే సృష్టించాలి.

– 16 జీబీ అని రాసిన కార్డులన్నీ ఒకే సైజులో ఉండవు. ఇమేజ్‌ను కాస్త చిన్నది చేయండి.

– కార్డుకు రాసేముందు మౌంట్లన్నీ తీసి, లూప్ డివైస్ (ఇమేజ్ ఫైల్‌ను డిస్క్‌లా చూపించేది) విడదీయండి.