అల్ప్రాజోలం మానడానికి నాకు ఐదు నెలలు పట్టింది

నాన్న పోయాక నిద్ర పట్టక, గుండె దడగా ఉంటే డాక్టర్ రాత్రికి 0.25 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మందు) రాసిచ్చారు, రెండు వారాలకే. ఆ రెండు వారాలు ఏడాదిన్నర అయ్యాయి. మొదట్లో అరగంటలో నిద్రొచ్చేది, తర్వాత అదే బిళ్ళ పనిచెయ్యక 0.5, ఆపైన 1 మిల్లీగ్రాము. పాత చీటీ చూపిస్తే షాపులో మారుమాట లేకుండా ఇచ్చేసేవాళ్ళు. 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోది, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు నా మీద నాకే కోపమొచ్చి మొత్తం ఆపేశాను. రెండో రోజు అలిపిరి దగ్గర బస్సు కోసం నిలబడితే చేతులు వణికి చిల్లరంతా కింద పడిపోయింది, ఒళ్ళంతా చెమట, భయం మునుపటికి రెట్టింపు. జబ్బు తిరగబెట్టిందనుకున్నా. కాదట. మెదడు మందుకు అలవాటు పడిందని, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని సైకియాట్రిస్ట్ మేడమ్ చెప్పారు, నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

ఆవిడ నన్ను అదే రకానికి చెందిన క్లోనజెపామ్ అనే మందుకి మార్చారు. అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి బిళ్ళకీ బిళ్ళకీ మధ్యలో ఆ దడ తగ్గింది. తర్వాత రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గించాం. ఒంట్లో బాగోకపోతే ఆ వారం తగ్గించకుండా అక్కడే ఆగేవాళ్ళం. ప్రతి రాత్రీ ఎంత వేసుకున్నానో అమ్మ వంటింటి క్యాలెండర్ మీద రాసేది. చివరి పావు బిళ్ళ వదలడమే అన్నిటికన్నా కష్టమైంది, దానికే నెల పట్టింది.

మీరూ ఇలాగే వాడుతుంటే సొంతంగా మాత్రం ఆపకండి. మేడమ్ నాకు మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా పెట్టారు, నాన్న గురించి నోరు విప్పి ఏడ్చింది అక్కడే.